టోకెను దిగింది, మనిషి దిగలేదు

కొండలెక్కాలని సరదా పడేవాళ్ళు ఊటీకి పోతారు, కొడైకెనాల్ పోతారు. మేము పోయింది కోలారు బంగారు గనులకి. నెల్లూరులో ఈ మాట చెబితే అందరిదీ ఒకటే ప్రశ్న: "గనులు మూసేశారుగా, ఇంకేముంది అక్కడ?" బంగారం లేని మాట నిజమే. కానీ చుట్టుపక్కల ఎటు చూసినా బండ కొండలున్నాయి, సెలవు దొరికితే చాలు వాటిమీద పడే మనుషులున్నారు. వాళ్ళ కథలో మావారి కథ కూడా కలిసిపోయింది కాబట్టి ముందు ఆయన సంగతి చెప్పాలి.

మావారు రెడీమేడ్ బట్టల కొట్టు నడిపిన మనిషి. బేరం లేనిదే ఆయనకి పొద్దు గడవదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా ప్రతిదానికీ ఒక వాదన ఉండేది. నిరుడు స్నానాలగదిలో జారిపడి తలకి దెబ్బ తగిలింది. గాయమైతే మానింది. తర్వాత ఒకరోజు పాల ప్యాకెట్టు తెస్తానని వెళ్ళి, మేము ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటి ముందు నిలబడి, తాళం ఎవరు మార్చారని అక్కడివాళ్ళని నిలదీశారు. డాక్టరు, "దెబ్బ వల్ల కావచ్చు, మతిమరుపు జబ్బుకి మొదలూ కావచ్చు. కొన్నాళ్ళు గమనించండి" అన్నాడు.

గమనించడమంటే ఎలాగో డాక్టరు చెప్పలేదు. బతుకంతా బడిలో పాఠాలు చెప్పిన దాన్ని, నాకు తెలిసిన పద్ధతి పరీక్ష పెట్టడమే. ఇవాళ ఏ వారం? పెద్దమ్మాయి ఫోన్ నంబరెంత? రాత్రి ఏం కూర తిన్నాం? అన్నిటికీ సరిగ్గానే చెప్పేవారు గానీ, ఆరు నెలలుగా వాదించడం మానేశారు. ఏది పెడితే అది తినడం, కూర్చోమన్న చోట కూర్చోవడం. పెళ్ళయిన కొత్తలో నేను దేవుడికి మొక్కుకున్నది సరిగ్గా ఇదే. తీరా ఆ వరం దక్కాక నాకు వణుకు పుట్టింది.

నాతోపాటు బడిలో పనిచేసి, రిటైరయ్యాక తను పుట్టిన ఈ గనుల ఊరికి చేరుకున్న మేరీ ఈ సంగతి ఫోనులో విని, "అక్కా, ఇద్దరూ వచ్చేయండి. కొండగాలి తగిలితే మతి అదే బాగయితాది" అంది. ఇది వైద్యం కాదని తెలుసు. అయినా బయల్దేరాం.

రాబర్ట్‌సన్‌పేట

గనుల పక్కనే ఉన్న ఈ పేటకి మేం చేరేసరికి శుక్రవారం సాయంత్రమైంది. జనవరి నెల, క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా గుమ్మాల మీద వెలుగుతూనే ఉన్నాయి. మేరీ ఉండేది తమ్ముడు సామ్యేలు ఇంట్లో. గని కార్మికుల కోసం ఆ రోజుల్లో కట్టిన లైను ఇళ్ళలో అదొకటి. గది వెనక గది, మధ్యలో పలచటి గోడ. పక్కింట్లో తుమ్మితే ఇక్కణ్ణించి 'చిరంజీవ' అనొచ్చు. ఆ ఇంట్లో మాతో తెలుగు, సామ్యేలు భార్యతో అరవం, కూరగాయలబ్బాయితో కన్నడం. ఒక భాషలో మొదలైన వాక్యం ఇంకో భాషలో పూర్తయినా ఎవరికీ పట్టింపు లేదు.

సామ్యేలు తండ్రి చిత్తూరు వైపు నుంచి వచ్చి బతుకంతా భూమి లోపల పనిచేశాడు. సామ్యేలుకి పని చేసే ఈడు వచ్చేసరికి గనులే లేవు. ఈ ఊళ్ళో చాలామంది లాగే తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి, పొద్దుపోయాక తిరిగొస్తాడు. "అయిదు దినాలు రైల్లో ముడుచుకొని కూర్చునే కాళ్ళమ్మా ఇవి. ఒక దినమన్నా సాగదీయకపోతే తుప్పు పట్టిపోవా?" అన్నాడు నవ్వుతూ. అందుకే ప్రతి శనివారం నలుగురు చుట్టాలు, నలుగురు చర్చివాళ్ళు కలిసి ఏదో ఒక కొండెక్కుతారు. ఆదివారం ప్రార్థన ఉంటుంది కాబట్టి శనివారమే.

రాత్రికి బజారు నుంచి పరోటాలు, వాటిలోకి సాల్నా అనే కారం పులుసు తెచ్చారు. నాలుక చుర్రుమంది గానీ రుచి గొప్పది. నెల్లూరుతో పోలిస్తే సగం ధర. ఆ ధర నేనడిగి తెలుసుకున్నదే. మావారు అడగలేదు. పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, చూపించిన మంచం మీద పడుకున్నారు.

ఆవని కొండ కింద

శనివారం పొద్దున్నే అందరం ఒక వ్యానులో ముళబాగిలు వైపు ఆవనికి వెళ్ళాం. ఊళ్ళో పాత రామలింగేశ్వరుడి గుళ్ళున్నాయి. కొండ మీద సీతమ్మ గుడి. సీతమ్మ లవకుశుల్ని కన్నది ఇక్కడేనని ఊరివాళ్ళు పక్కింటి కాన్పు గురించి చెప్పినంత ధీమాగా చెబుతారు. ఫలానా బండ మీద పిల్లలు ఆడుకున్నారు, ఫలానా చోట బట్టలు ఉతికింది. పిల్లలు లేనివాళ్ళు వచ్చి మొక్కుకుంటారు. మాతో వచ్చిన క్రైస్తవులు కూడా గుడి ముందు చెప్పులు విడిచి, గౌరవంగా ఒక పక్కన నిలబడ్డారు.

ఎక్కబోయే ముందు సామ్యేలు వ్యానులోంచి ఒక చెక్క పలక తీసి చింతచెట్టుకి తగిలించాడు. పలక నిండా మేకులు, మేకుకొక రేకు బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. మనిషికొకటి చేతిలో పెట్టాడు.

"ఏందయ్యా ఇది, చెప్పుల స్టాండా?" అన్నాను.

మేరీ నవ్వింది. "టోకెనక్కా. మా నాయన గనిలోకి దిగేటప్పుడు టోకెను తీసుకొని దిగేవాడు, పైకొచ్చి ఇచ్చేసేవాడు. ఇవ్వలేదంటే మనిషి ఇంగా లోపలనే ఉండాడని లెక్క. ఇక్కడ తిరగేసినాం. ఎక్కేటప్పుడు తీసుకోవాల, దిగినాక మేకుకి తగిలించాల. అన్ని మేకులూ నిండేదాకా ఎవరూ అన్నం ముట్టకూడదు."

సామ్యేలుకి ఈమధ్య మోకాలు నొప్పి. అందుకని పలక దగ్గర కాపలా ఆయనదే. పక్కనే గుడ్డ కప్పిన బిరియానీ డేగిసా. మావారు బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నారు. ఆయన ఫోను మాత్రం నా సంచిలో ఉంది. పోగొడతారని ఆరు నెలలుగా నేనే పెట్టుకుంటున్నాను.

సీతమ్మ గుడి దాకా

మెట్లున్న చోట మెట్లు, లేనిచోట బండ. నేను ఆయన మోచెయ్యి వదల్లేదు. దారిపొడుగునా నా పరీక్షలు సాగుతూనే ఉన్నాయి. "ఈ అమ్మాయి పేరేంటి? మనం దిగిన ఇంట్లో ఎంతమంది?" చెబుతున్నారు. ఒకసారి మాత్రం ఆగి, నా మొహంలోకి చూసి, మళ్ళీ నడిచారు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

పైన గాలి కొంగు ఎగరేసుకుపోయేంత ఉంది. కింద మామిడి తోటలు, కోతలైపోయిన రాగి చేలు, అక్కడక్కడా పచ్చగా మల్బరీ. దూరంగా ఒకదాని వెనక ఒకటి కొండలు, చివరివి పొగమంచులో కలిసిపోయి ఉన్నాయి. ఎంతసేపయినా చూడొచ్చు. గుడి చుట్టూ చిన్న చిన్న రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అవేమిటని అడిగితే, సొంత ఇల్లు కావాలనుకున్నవాళ్ళు అలా పేర్చి దండం పెట్టుకుంటారని ఒకావిడ చెప్పింది. మా వైపు సంతానం కోసం చెట్టుకి ఉయ్యాలలు కట్టడం చూశాను గానీ, ఇంటికి రాళ్ళు పేర్చడం కొత్త. అద్దె ఇళ్ళల్లో సగం జీవితం గడిపిన దాన్ని, ఈ కిటుకు ముందే తెలిస్తే బాగుండేది.

మావారిని మగవాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, ఆడవాళ్ళం దర్శనానికి లోపలికి వెళ్ళాం. బయటికొచ్చేసరికి మావారు లేరు. "జాన్సనూ వాళ్ళూ ముందే దిగిపాయిరి, వాళ్ళతో పోయుంటారు" అన్నారెవరో. జాన్సన్ అంటే సామ్యేలు బావమరిది, వచ్చిన దగ్గర్నుంచి మావారికి జోకులు చెబుతున్న మనిషి. అతనితోనే అయ్యుంటుందని నేనూ అనుకున్నాను. అయినా దిగేటప్పుడు నా కాళ్ళు నా మాట వినకుండా పరిగెత్తాయి.

పలక నిండింది

కిందికొచ్చేసరికి పలక మీద ఖాళీగా ఉన్నవి మా ఆడవాళ్ళ మేకులే. మావారి బిళ్ళ దాని మేకుకి వేలాడుతోంది. అమ్మయ్య అనుకుని నాది తగిలించాను. వెనకవాళ్ళూ తగిలించారు. సామ్యేలు డేగిసా మీది గుడ్డ తీశాడు.

ఆకు పట్టుకుని ఆయన కోసం చుట్టూ చూశాను. లేరు.

"సామ్యేలూ, మావారేరయ్యా?"

"యాడనో ఇక్కడనే ఉంటారమ్మా. టోకెను దిగింది కదా."

"నువ్వు చూశావా ఆయన్ని?"

"మోకాలికి మందు పూసుకుంటా పక్కకి తిరిగినా. కానీ చూడండి, టోకెను దిగింది."

ముందు దిగినవాళ్ళని అడిగితే, జాన్సన్‌తో వెనక వస్తున్నారనుకున్నామన్నారు; జాన్సన్ కూడా కనబడలేదు. ఇక అందరూ వెతకడం మొదలుపెట్టారు. టీ కొట్టు చూశారు, గుడి మంటపాల్లో ప్రతి స్తంభం వెనకా చూశారు, వ్యాను కింద కూడా ఒకాయన వంగి చూశాడు. "పైన చూద్దాం" అని నేనంటే, పాపం ఒక్కరూ కాదనలేదు, ఒక్కరూ కదల్లేదు. వాళ్ళ తాతలు, తండ్రులు ఆ పలకని నమ్మి బతికారు. మేకు నిండిందంటే మనిషి దిగినట్టే. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టని సామెత. మాది తిరగేసిన సామెత. పిల్ల సంతలో ఉంటే మేం చంక తడుముకుంటున్నాం.

నాకు మాత్రం ఆ పాత అద్దె ఇంటి గుమ్మమే కళ్ళ ముందు కదులుతోంది. అక్కడైతే ఊరు మాది, తెలిసినవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఇక్కడ ఏ బండ మీద నిలబడి ఎవరిని తాళం అడుగుతున్నారో. డాక్టరు చెప్పిన రెండు మాటల్లో రెండోదే నిజమైపోయిందని నా మనసు తేల్చేసుకుంది. ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా.

అప్పుడొచ్చాడు జాన్సన్, ఊళ్ళో ఎవరి బైకో అడిగి తీసుకుని పెరుగు కోసం పోయినవాడు. విషయం విని, పెరుగు క్యాను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"సారు కోసమా? ఆయన నాతో దిగలేదే. అవతలి దారిలో వస్తా, నా బిళ్ళ కూడా తగిలించెయ్యి, పాపం నీకు ఆకలయితాంది కదా అనినారు. నేను రెండూ తగిలించి పెరుక్కి పోయినా."

సామ్యేలు మొహం నల్లబడింది. "ఒకరి టోకెను ఒకరు తెస్తారేం రా? ఎవరింట పుట్టినావు రా నువ్వు?" మావారి బిళ్ళని మేకు నుంచి లాగేశాడు. "మా నాయన ఈడువాడు ఒకాయన, కొంచెం పనుండాది వెనక వస్తా అని టోకెను స్నేహితుడి చేతికిచ్చి పైకి పంపినాడు. ఆపొద్దే లోపల బండ పేలి విరిగి పడింది. పైన చూస్తే టోకెన్లు సరిపోయినాయి. అందరూ వచ్చేసినారని ఎవరూ వెతకలేదు. తెల్లారి పెండ్లాం వచ్చి అడిగినాకనే తెలిసింది. చిన్నప్పట్నించి వింటా ఉండాము కదరా ఈ కథ!"

ఆ కథ నేను వినకుండా ఉంటే బాగుండేది. మేరీ నా భుజం పట్టుకుంది. సామ్యేలు మోకాలి సంగతి మరిచిపోయి అప్పటికే నడక మొదలుపెట్టాడు.

కొండకి అవతలి వైపు

కొండ చుట్టూ కాలిదారి ఉంది. సామ్యేలు ముందు, నేనూ మేరీ వెనక. జాన్సన్ తల దించుకుని అందరికంటే చివర. దారిలో మేకలు తోలుకొస్తున్న ఒకామె ఎదురైంది. సామ్యేలు అడిగితే కర్రతో చూపించింది. "తెల్ల చొక్కా ఆయనేనా? పాపమ్మోళ్ళింటి కాడ కూర్చోనుండాడు. ఏమన్నా అయిందాప్పా?"

నేను ఇంకా పూర్తిగా వినకుండానే నడిచాను. 'కూర్చోనుండాడు' అంటే ప్రాణాలతో ఉన్నారు. అంతవరకు సరే. కానీ దారి తప్పి కూర్చున్నారా, తెలిసి కూర్చున్నారా? ఆ ఒక్కటీ తేలాలి.

మామిడి తోట పక్కన పెంకుటిల్లు. ఒక గదికి తడిక కట్టి ఉంది, లోపల పట్టుపురుగులున్నాయట. పరాయివాళ్ళు అటు పోకూడదు. అరుగు మీద మావారు. ముందు ఒక గిన్నె నిండా నానబెట్టిన అనపగింజలు. జన్మలో ఉల్లిపాయ వలవని మనిషి, వేళ్ళ మధ్య గింజ పట్టుకుని తొక్క ఊడేలా పితుకుతున్నారు. పప్పు గిన్నెలో పడాల్సింది వాకిట్లో కోడి దగ్గర పడుతోంది. కోడికి పండగగా ఉంది.

నేను నోరు తెరిచేలోపే ఇంటావిడ పాపమ్మ లేచి నవ్వింది. "రాండమ్మా, రాండి! ఇంగా రాలేదే అని చూస్తా ఉండాము. ఇప్పుడు మా ఇంటామె వస్తాది, చెప్పులు చేత్తో పట్టుకొని వస్తాది, ఎవురినీ కొట్టనీకి కాదు, భయపడొద్దు అనినాడు మీ ఆయన. అట్లే వస్తిరే!"

చేతిలోకి చూసుకున్నాను. నిజమే, చెప్పులు చేతిలో ఉన్నాయి. కంగారు పడితే చెప్పులు విప్పి నడవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఎక్కడ విప్పానో నాకే తెలియదు. ఆయనకి తెలుసు. నేను ఎలా వస్తానో, ఏ దారిన వస్తానో, ఎంత కోపంతో వస్తానో అన్నీ ఆయనకి తెలుసు.

అరుగు మీద కూలబడ్డాను. "ఎందుకిలా చేశారు?" అన్నాను.

ఆయన గింజలు పక్కన పెట్టారు. "ఆర్నెల్లుగా నాకు పరీక్షలు పెడతా ఉండావు గదా. నాకు తెలవదనుకున్నావా? నాకూ భయంగానే ఉండాది మే. ఏమన్నా తప్పు మాట్లాడితే జబ్బని రాసేస్తారని నోరు మూసుకోనుండా. ఇయ్యాల పైనుంచి చూస్తే ఈ దారి తేటగా కనబడింది. ఈ తోట, ఈ ఇల్లు, ఆ రోడ్డు. ఒంటరిగా దిగగలనా లేదా, నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకుందామని..."

"దిగారా?"

"ఒకచోట ముళ్ళకంప అడ్డమొచ్చింది, చుట్టు తిరిగినా. చొక్కా చిరిగింది. దారి మాత్రం తప్పలేదు."

చిరిగిన చొక్కాకేసి చూసి ఏడ్చాను, నవ్వాను. ఆరు నెలలుగా బిగబట్టిన ఊపిరి ఆ అరుగు మీద వదిలాను. జబ్బు ఇక రాదని కాదు, ఆ హామీ ఎవరివ్వగలరు? కానీ వాదన మానేసింది జబ్బు వల్ల కాదు, నా వల్ల. దానికి మందు నా దగ్గరే ఉంది.

పాపమ్మ మమ్మల్నెవరినీ పోనివ్వలేదు. రాగి ముద్ద, సారు అని పిలిచే పితికిపప్పు పులుసు పెట్టింది. మాకు రాగి ముద్ద అలవాటు తక్కువ. నేను నములుతుంటే ఆవిడ తల పట్టుకుంది. "నమలకూడదమ్మా, మింగాల!" మింగాను. సారు అమృతం. తిన్నాక మావారు, ఈ అనపకాయలు సంతలో ఎంతకి అమ్ముతున్నారని పాపమ్మ భర్తని అడిగారు. ఆయన చెప్పాడు. "అంత తక్కువకా? నువ్వు మోసపోతా ఉండావు పెద్దాయనా!" అని మొదలుపెట్టి అరగంట వాయించారు. చెవులారా విన్నాను.

సామ్యేలు అప్పటిదాకా దూరంగా నిలబడ్డాడు. చివరికి వచ్చి, "సార్, పెద్దవారు, ఒక మాట. మీరు యాడికైనా పోండి. టోకెను మాత్రం ఇంకొకరికి ఇవ్వద్దండి" అన్నాడు. మావారు లేచి రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నారు. మేం చింతచెట్టు దగ్గరికి తిరిగొచ్చాక మిగతావాళ్ళు, శిక్షగా ఆయనా జాన్సనూ అందరికీ వడ్డించి చివర్లో తినాలన్నారు. అప్పటికే ముద్ద మింగొచ్చిన సంగతి ఆయన వాళ్ళెవరికీ చెప్పలేదు. వెంట వెళ్ళిన మేమూ చెప్పలేదు.

ఆదివారం

మేరీ వాళ్ళ చర్చికి మేమూ వెళ్ళాం. పాటలు తెలుగులోనూ అరవంలోనూ పాడారు. ప్రార్థన మధ్యలో పాస్టరుగారు, "నిన్న కొండలో తప్పిపోయి దొరికిన అన్నగారి కోసం ప్రభువుకి స్తోత్రం" అన్నారు. చర్చంతా "స్తోత్రం" అంది. మావారు మాత్రం పక్కవాళ్ళకి వినబడేలా, "నేను తప్పిపోలేదు" అన్నారు. బయటికొచ్చాక పాస్టరుగారిని ఆపి అదే మాట మళ్ళీ వివరంగా చెప్పారు.

సాయంత్రం గనుల పక్కనున్న సైనైడ్ దిబ్బ చూపించారు. బంగారం తీసేశాక మిగిలిన పిండిమట్టి ఏళ్ళ తరబడి పోసి పోసి కొండంత అయింది. గడ్డి కూడా సరిగ్గా మొలవదు. గాలి వీస్తే దుమ్ము ఊళ్ళోకి వస్తుంది, లైను ఇళ్ళల్లో కిటికీలకి తడి గుడ్డలు కడతారు. అయినా దూరం నుంచి ఎండలో తెల్లగా అందంగానే ఉంది. "మనుషులు చేసిన కొండ" అన్నాను నేను. "మా నాయనలు చేసినది" అంది మేరీ. ఆ పూట మేం దాన్ని ఎక్కలేదు, కిందే కూర్చుని మరమరాలు తింటూ చూశాం.

తిరుగుదారి

సోమవారం పొద్దున బంగారుపేటలో రైలెక్కాం. మేరీ కట్టిచ్చిన చపాతీలు, పాపమ్మ పంపిన అనపకాయల సంచీ. మావారు కిటికీ పక్కన కూర్చుని ఎదురు సీటాయనతో మామిడి ధరల మీద గొడవ పెట్టుకున్నారు. ఆ గొడవ వింటూ వింటూ ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. ఆయన మేలుకుని ఉండగా, ఆయన్ని కనిపెట్టి చూడకుండా నేను కళ్ళు మూసింది ఆరు నెలల్లో అదే మొదటిసారి. కాట్పాడి ఎప్పుడొచ్చిందో, రేణిగుంట ఎప్పుడు పోయిందో ఎరగను. ఒళ్ళు మరిచి నిద్రపోయాను.

ఎవరో భుజం తట్టారు.

"లెయ్ మే. నెల్లూరొచ్చింది."